సెలవు రోజున పలకని మనవడు

అమ్మమ్మ దివ్యసముఖమునకు,

నీ మనవడు క్షేమం. నీ మోకాళ్ళు కూడా క్షేమమని తలుస్తాను.

ఉద్యోగం గురించి అడిగావు. నాది లిఫ్టుల కంపెనీ. ఎవరు ఎక్కడ లిఫ్టులో ఇరుక్కుని ఎర్ర బటన్ నొక్కినా నా బల్ల మీద ఫోను మోగుతుంది. మెకానిక్ చేరేదాకా వాళ్ళకు ధైర్యం చెబుతూ మాట్లాడుతూనే ఉండాలి. చిన్నప్పుడు నా వాగుడు పడలేక నువ్వు చెవుల్లో దూది కుక్కుకునేదానివి. ఆ వాగుడికే వీళ్ళు జీతం ఇస్తున్నారు. మొదట ఏం చెప్పాలో రాసిన అట్టముక్క ఒకటి నా ఎదురుగా అతికించారు: ‘భయపడకండి. మీరు ఒంటరిగా లేరు. మీతో ఇంకెవరైనా ఉన్నారా?’ ఈ మూడు వాక్యాలనూ ఒకే బుర్ర రాసిందంటే నమ్మబుద్ధి కాదు.

ఇక విన్నపం. పని రోజుల్లో ఇక్కడ ఎవరి చెవులకు తగిలించిన ఫోను వారిది, పక్కవాడితో మాట కలిపే తీరిక ఉండదు. స్నేహాలన్నీ సెలవు రోజునే. ఆ రోజేమో మన మౌనం. వారానికి ఒక రోజు మనం నోరు మూస్తేనే దేవుడికి మాట్లాడే సందు దొరుకుతుందని నువ్వు పెట్టిన నియమం నేను తప్పలేదు. మొదట్లో అందరూ నన్ను పార్కుకు తీసుకెళ్ళారు. జోకులు వేశారు. నేను చెట్టులా నిలబడ్డాను. కారణం విడమరిచి చెప్పినా పొగరనే అనుకున్నారు. ఇప్పుడు పిలవడం లేదు. కిటికీలోంచి వాళ్ళు వెళ్ళడం చూస్తుంటాను. ఒక్క మెకానిక్ మాత్రం వదలడం లేదు. చొక్కా జేబులో ఎప్పుడూ స్పానర్ ఉంటుంది కాబట్టి వాడి పేరే స్పానర్. ఈ సెలవుకి తన ఇంటికి రమ్మంటున్నాడు.

మౌనాన్ని పని రోజుకు మార్చుకోవచ్చా అంటే, ఇరుక్కున్నవాడికి ఫోనులో మౌనం వినిపిస్తే గుండె ఆగిపోతుంది. కాబట్టి నెలకో సెలవు రోజైనా సడలించమని ప్రార్థన.

ఇట్లు,
ఇరుక్కున్నవారి సేవకుడు,
నీ మనవడు

తా.క. దేవుడు ఇంతవరకూ ఏమీ మాట్లాడలేదు. పక్క గదిలో ఆయన గురక మాత్రం బాగా వినిపిస్తోంది.

•

చిరంజీవి వాగుడుకాయకు అమ్మమ్మ ఆశీస్సులు.

నీ విన్నపం చదివాను. కుదరదు.

నీ కంటే ముందు నుంచీ నేను మౌనం పాటిస్తున్నాను. నాకు స్నేహితులు లేరా? మా ప్రార్థన బృందంలో అందరూ నాకు స్నేహితులే. ఆ రోజు మాట్లాడాల్సి వస్తుందని వాళ్ళెవరూ నా గడప తొక్కరు. స్నేహమంటే అదీ.

ఇంతకీ కన్నవాళ్ళు పెట్టిన పేరు వదిలేసి పనిముట్టు పేరుతో తిరిగేవాడు ఎలాంటివాడు? ఇవాళ స్పానర్ అంటావు, రేపు సుత్తి ఇంటికి వెళ్ళానంటావు. వెళ్ళు, కాదనను. నోరు మాత్రం విప్పకు. తల ఊపవచ్చు. నవ్వవచ్చు, పళ్ళు కనబడకుండా. కనుబొమలు ఎగరేయడం సంభాషణ కిందకి వస్తుంది, వద్దు.

నువ్వక్కడ, నేనిక్కడ ఒకే రోజున నోరు మూసుకుని కూర్చుంటాం. మనిద్దరం కలిసి చేసే పని ఇక అదొక్కటే మిగిలింది. దాన్ని కూడా పార్కులో పారేసుకోకు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. గురకలో దేవుడు లేడని నీకెవరు చెప్పారు? మీ తాతయ్య పోయాక నాకు ఆ చప్పుడు లేకుండా నిద్ర పట్టడానికి చాలా కాలం పట్టింది.

•

కనుబొమల న్యాయాధిపతి అమ్మమ్మకు,

నీ తీర్పును శిరసావహించాను. ఫలితంగా నీ మనవడు మూగవాడయ్యాడు.

స్పానర్ ఇంటికి వెళ్ళాను. మెట్ల కింద ఇరుకైన రెండు గదులు. వాళ్ళమ్మ బట్టలకు గుండీలు కుట్టే పని చేస్తుంది. నన్ను కూర్చోబెట్టి “ఏం పని చేస్తావు బాబూ?” అంది. తల ఊపాను. “భోంచేశావా?” తల ఊపాను. “అయ్యో దేవుడా” అని లోపలికి వెళ్ళి ఆపిల్ పండు కోసి తెచ్చింది. నేను చిన్నపిల్లాణ్ణయినట్టు ఒక్కొక్క ముక్కే చేతిలో పెట్టింది. స్పానర్‌కు మన నియమం సంగతి ముందే చెప్పాను, వాళ్ళమ్మకు వాడు చెబుతాడనుకున్నాను. వాడు గోడవైపు తిరిగి నవ్వాపుకునే పనిలో ఉన్నాడు.

అప్పటినుంచీ ప్రతి సెలవు రోజూ వెళుతున్నాను. ఆవిడ గుండీలు కుడుతూ తన కష్టసుఖాలన్నీ చెబుతుంది. నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తాను. అమ్మమ్మా, అంత హాయిగా నేనెక్కడా కూర్చోలేదు.

అసలు ప్రమాదం మొన్న జరిగింది. స్పానర్ కోసం ఆవిడ ఆఫీసుకు ఫోను చేసింది. ఎత్తింది నేను. అలవాటు కొద్దీ “భయపడకండి, మీరు ఒంటరిగా లేరు” అన్నాను. ఎవరని అడిగింది, చెప్పేశాను. తర్వాత ఏడుస్తున్నట్టు గొంతు: “రోజూ నీ కోసం ప్రార్థన చేశాను నాయనా, నీకు మాట వచ్చింది.” అవతల లైనులో ఒక లావుపాటి మనిషి, ఆయన కుక్క కలిసి ఇరుక్కుని ఉన్నారు. వివరించే వ్యవధి లేకపోయింది.

సాయంత్రం నిజం చెప్పేద్దామని వెళ్ళాను. ఆవిడ ఇరుగుపొరుగుకు రొట్టెలు పంచుతోంది, నా గొంతు వచ్చినందుకు. నేనూ ఒకటి అందుకుని తినేశాను. నిజం చెబితే ఆవిడ ప్రార్థన పోతుంది. చెప్పకపోతే నా నిజాయితీ పోతుంది. ఏది పోగొట్టుకోను?

ఇట్లు,
మహిమవలన మాటలు వచ్చిన
నీ మనవడు

తా.క. సెలవు రోజున మళ్ళీ మూగవాణ్ణయ్యాను. ఆవిడ ప్రార్థన పెంచింది.

•

మూగ మనవడికి,

మౌనం పాటించమంటే మహిమలు చూపించే దుకాణం తెరిచావా? రేపు ఇంటి ముందు జనం బారులు తీరితే వాళ్ళకేం పంచుతావు, నూలు దారమా?

ఏదైనా పని రోజున వెళ్ళి, చెప్పులు బయట విడిచి, నిజం చెప్పు. ఆవిడ ప్రార్థన గురించి నువ్వు బెంగపడకు, దాని సంగతి చూసుకునేవాడు వేరే ఉన్నాడు.

ఇంకొక మాట. ఊరికే ఎవరూ ఆపిల్ ముక్కలు కోసి చేతిలో పెట్టరు. ఆ ఇంట్లో పెళ్ళీడు కూతురుందా? దాచకుండా రాయి.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఆ కుక్క బయటపడిందా?

•

అమ్మమ్మకు,

కుక్క క్షేమం. కూతురు లేదు. ఆ ఇంట్లో ఉన్నది స్పానర్, వాళ్ళమ్మ, లెక్కలేనన్ని గుండీలు.

నిజం చెప్పడం వాయిదా పడింది. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. పని రోజుల్లో నేను డ్యూటీ దిగేసరికి చూడనిచ్చే వేళ దాటిపోతోంది. వెళ్ళగలిగేది సెలవు రోజునే.

పోయిన సెలవుకి వెళ్ళాను. నన్ను చూసి మొహం వెలిగింది. “ఫోనులో విన్నాను గానీ ఎదురుగా వినలేదు. ఒక్క మాట మాట్లాడు బాబూ” అంది. నేను తలగడ సర్దాను. నీళ్ళు పట్టాను. కిటికీ మీద వాలిన పావురాన్ని చూపించాను. పావురాన్ని చూసి మళ్ళీ నా వైపే చూసింది. స్పానర్ నన్ను బయటికి లాక్కెళ్ళి “అమ్మా అని పిలువురా, చాలు. నీ దేవుడికి నేను సంజాయిషీ చెప్పుకుంటా” అన్నాడు.

వచ్చే సెలవుకి మళ్ళీ వెళ్ళాలి. ఒకే ఒక్క మాటకు అనుమతి ఇవ్వు. అడగకుండా మాట్లాడేసి నీకు చెప్పకుండా ఉండొచ్చు. కానీ అప్పుడు ఆ రోజున నువ్వక్కడ ఒక్కదానివే మౌనంగా కూర్చుని ఉంటావు, నేను తోడున్నాననుకుంటూ. అది నావల్ల కాదు.

ఇట్లు,
నీ మనవడు

తా.క. జోకు తట్టలేదు.

•

మనవడికి,

నువ్వు చిన్నప్పుడు ఒక సెలవు రోజున “ఇల్లు తగలబడుతోంది” అని అరుచుకుంటూ వచ్చావు. పరుగెత్తి చూస్తే మాడింది పాలగిన్నె. అడుగంటించింది నువ్వే. ఆ సాకుతో సాయంత్రం దాకా వాగావు. నీ సాకులు నాకు కొత్త కాదు.

ఇప్పుడు ఆసుపత్రి తెచ్చావు. ఒకరికి ప్రార్థన, ఒకరికి రొట్టెలు, నాకేమో ఊపిరితిత్తులు. కథ బాగా అల్లావు, చదువుకున్న పిల్లాడివి కదా. నిజంగా ఒంట్లో బాగోలేకపోతే ఆవిడ పక్కన నిశ్శబ్దంగా కూర్చో. జబ్బుతో ఉన్న మనిషికి అంతకన్నా సుఖం లేదు.

అనుమతి లేదు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ‘జోకు తట్టలేదు’ అని రాశావు. నువ్వు అలా ఎప్పుడూ రాయలేదే. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. ఉత్తరం మార్చి రాద్దామనుకుంటూనే అంటించేస్తున్నాను.

•

అమ్మమ్మకు,

నీ ఉత్తరం సెలవు రోజుకు ముందే అందింది. పాటించాను.

ఆవిడ పక్కన నిశ్శబ్దంగా కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. నా చొక్కాకు ఊడిపోయేలా ఉన్న గుండీని వేళ్ళతో పట్టుకుని తిప్పుతూ ఉంది. వేళ్ళు ఆగాయి. స్పానర్ “అమ్మా, అమ్మా” అని పిలుస్తున్నాడు. ఆ గదిలో ఆవిణ్ణి పిలిచిన గొంతు వాడిదొక్కటే.

అంత్యక్రియల నాడు పని రోజే. నాకు మాట్లాడే అనుమతి ఉంది. స్పానర్ ఎదురుగా నిలబడ్డాను. వాడు నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు.

నిన్న ఫోను మోగింది. అట్టముక్క చూస్తూ “భయపడకండి, మీరు ఒంటరిగా లేరు, మీతో ఇంకెవరైనా ఉన్నారా?” అన్నాను.

“ఎవరూ లేరు” అన్నాడు. స్పానర్ గొంతు.

“ఎక్కడ ఇరుక్కున్నారు?” అన్నాను.

“పాత గోడౌనులో. నేనే ఆపాను. మెకానిక్ ఎప్పుడొస్తాడు?”

జాబితా చూశాను. ఆ వైపు డ్యూటీ వాడిదే.

“మెకానిక్ లోపలే ఉన్నాడు” అన్నాను.

“అయితే వచ్చేదాకా మాట్లాడు. నీ రూలు అదే కదా. ఇవాళ నీకు మాటలున్న రోజే కదరా.”

అమ్మమ్మా, కుక్కతో ఇరుక్కున్న మనిషికి వంటల గురించి, వానల గురించి ఎంత చెప్పాను. వాడికి ఒక్క మాట చెప్పలేకపోయాను. నోరు తెరిచే ఉంది. వ్రతం లేదు, ఏమీ లేదు. మాటే లేదు. వాడు నా మాట కోసం చాలాసేపు ఎదురు చూశాడు. తర్వాత లిఫ్టు కదిలిన చప్పుడు వినిపించింది. తనే బాగు చేసుకున్నాడు.

ఇట్లు,
మనవడు

తా.క. ఆవిడ ప్రార్థన ఫలించలేదనుకుంటూ పోయింది. దాన్ని ఎవరు చూసుకుంటారన్నావు?

•

నాన్నా,

నీ ఉత్తరం చదివి బస్సెక్కాను. నీ దగ్గరికి కాదు, ముందు స్పానర్ దగ్గరికి. చిరునామా మీ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాను. చేరేసరికి సెలవు రోజైంది.

వాడు తలుపు తీశాడు. నేను ఫలానా అని చెబుదామని నోరు తెరిచాను. ఇన్నేళ్ళుగా ఆ రోజున మాట్లాడని గొంతు కదా, రాలేదు. తీరా వచ్చిన మొదటి మాట “మంచినీళ్ళు.” ఇన్నేళ్ళ వ్రతం దాహంతో తప్పింది. వాడు నీళ్ళిచ్చి “మీరు వాడి అమ్మమ్మ కదూ. వాడిలాగే గుటకేసి ఆగిపోయారు” అన్నాడు.

తప్పు నీది కాదని, అనుమతి ఇవ్వనిది నేనని చెప్పాను. అప్పుడు వాడు చెప్పింది విను. నువ్వు మొదటిసారి వెళ్ళిన రోజున, నువ్వు తిరిగి బయల్దేరగానే నీ మౌనం సంగతి వాళ్ళమ్మకు చెప్పేశాడట. మొదటి నుంచీ ఆవిడకు తెలుసు. మహిమ, రొట్టెలు అంతా ఆట. తెలుసని చెబితే నువ్వు మొహమాటపడి రావడం మానేస్తావని వాడి నోరు కూడా కట్టేసిందట. “వాడికి మాటలు రావాలని కాదురా, వాడికో ఇల్లు ఉండాలని ప్రార్థన చేస్తున్నాను” అందట.

కాబట్టి ప్రార్థన గురించి బెంగపడకు. కానీ ఇంకొకటి కూడా రాయాలి, మెత్తగా రాయడం నాకు రాదు. ఆవిడ అన్నీ తెలిసే ఒక్క మాట అడిగింది. అడిగింది మహిమను కాదురా, నిన్ను. అది మనిద్దరం ఇవ్వలేకపోయాం.

స్పానర్ నీ మీద కోపంగానే ఉన్నాడు. దాచను. మెట్ల దాకా వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని దింపాడు.

అక్కణ్ణించి నీ గదికి వచ్చాను. అవును, వచ్చాను. కిటికీలోంచి చూశాను. గోడకేసి తిరిగి కూర్చున్నావు. చొక్కాకు ఆ గుండీ ఇంకా వేలాడుతోంది. తలుపు మీద చెయ్యి పెట్టాను, కొట్టలేదు. కొడితే నువ్వు పలకవేమోనని భయమేసింది. నా దగ్గర నేర్చుకున్నవాడివి కదా. తిరిగి బస్సెక్కేశాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ

తా.క. వచ్చే సెలవు రోజున సూది, దారం తీసుకుని మళ్ళీ వస్తాను. స్పానర్ కూడా వస్తానన్నాడు, మాట్లాడనని ముందే చెప్పి. తలుపు కొడతాం. ఎవరది అని అడుగు. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.