పెద్దక్క పట్టగొలుసులు

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం

అంతయ్యన్నా,

ఫోన్‌ల నువ్వు నన్ను మాట్లాడనియ్యవు, అందుకే రాస్తున్న. బుధవారం నాకు గర్భసంచి కాన్సర్ ఆపరేషన్. నువ్వేమో నాకు చెప్పకుంట డాక్టరమ్మకు ఫోన్ చేసి, పొత్తికడుపుల ఉన్న లింఫ్ గ్రంథులన్నీ ఊడ్చి తీసెయ్యమన్నవంట. ఆమె నన్నే అడిగింది. నేను వద్దన్న.

పెద్దక్కకు గిదే కాన్సర్ వచ్చినప్పుడు అట్లనే తీసిన్రు, అందుకే బతికింది అంటవు. నిజమే, అప్పుడు గదే దారి. కానీ అప్పటిసంది ఆమె కాలు వాచి మొద్దు లెక్కయింది. నాది కాలుతో తొక్కే కుట్టుమిషన్, అన్నా.

ఇప్పుడైతే ముందుగాల ఒక రంగుమందు ఎక్కిస్తరు. కాన్సర్ పాకితే మొదట ఏ గ్రంథికి పోతదో అది కెమెరాల పచ్చగ మెరుస్తది. దాన్ని తీసి పరీక్ష చేస్తరు, అండ్ల కాన్సర్ లేకుంటే మిగిలిన గ్రంథులను ముట్టరు. ఒక దిక్కు రంగు కనబడకపోతే ఆ దిక్కు గ్రంథులన్నీ తీయాల్సొస్తదని కూడ డాక్టరమ్మ చెప్పింది. సరే అన్న. భయం లేదని అంటలేను. భయపడుకుంటనే ఆలోచించి సంతకం పెట్టిన.

నువ్వు రా. ఎల్‌బీ నగర్‌ల బస్సు దిగి డాక్టరమ్మ దగ్గరికి పోకు, సీదా నా దగ్గరికి రా. కాలికి పడతలేవని పెద్దక్క తన పట్టగొలుసులు నాకిచ్చింది. థియేటర్‌లకు పోయేముందు అవి తీయిస్తరు. నీ జేబుల పెట్టుకో, పోగొట్టకు. కాలు వాచినసంది పెద్దక్క ఎత్తలేకపోయిన బోనం, గీ ఆషాఢంల అవి పెట్టుకొని నేనెత్తుత.

నీ చిన్నచెల్లె