బోరు చల్లారేదాకా

సమ్మన్నా,

బోరు రిగ్గు మీది రాడ్డు జారి తలకు తగిలి నువ్వు పోయి రేపటికి ఏడాది. మట్టెవాడలో వదిన నీ పేరున అన్నం పెడుతోంది. అందుకే వచ్చాను.

బోరులోంచి పైకి తీసిన, రాయి తొలిచే బిట్టు వేడి చూసి నువ్వు ప్రతిసారీ అడిగేవాడివి: "ఒరేయ్ యాకయ్యా, ఇంకెంత కిందికి పోతే కుండల అన్నం ఉడుకుతదిరా?" అందరూ నవ్వేవాళ్లు. నేను మాత్రం ఫోన్‌లో, పాత పుస్తకాల్లో దానికి జవాబు వెతికేవాణ్ణి.

నువ్వు పోయిన కొన్నాళ్లకు మన రిగ్గు హిమాలయాల కింది మైదానానికి పోయింది. నీళ్ల కోసం కాదు, భూమి వేడి కొలవడానికి. బోరు పూర్తికాగానే థర్మామీటరు దించబోయాను. శాస్త్రవేత్త మేడమ్ ఆపింది.

"ఆగు తమ్ముడూ. ఇప్పుడు లోపలున్నది మనం తవ్వగా పుట్టిన వేడి, భూమిది కాదు. అది పోయేదాకా బోరును ముట్టొద్దు."

"ఎన్ని దినాలు మేడమ్?"

"దినాలు కాదు, నెలలు."

నాకు ఒళ్లు మండింది. నిన్ను కాటికి సాగనంపిన మర్నాడే మన ఓనరు సేటు రిగ్గు నడపమన్నాడు. "పోయినోడు పోయిండు, పని ఆగుతదా?" అన్నాడు. నేలలో రంధ్రానికి ఇచ్చిన గడువు మాకు ఇవ్వలేదు.

నెలలు ఆగి, మొన్న వెళ్లి కొలిచాం. నువ్వనుకున్నంత వేడి లేదన్నా. కొండల బరువుకు అక్కడి నేల వంగిందట. ఆ పల్లాన్ని నదులు గబగబా మట్టితో నింపాయట. కింది వేడి ఆ మట్టిని ఇంకా పూర్తిగా కాచలేదని మేడమ్ చెప్పింది.

అక్కడ అన్నం ఉడకదు. రేపు వదిన పొయ్యి మీదే వండుతుంది. తినేముందు అందరికీ నీ ప్రశ్న, దాని జవాబు చెప్తాను. వదిన సేటునూ పిలిచింది. వాడు వస్తే, బోరు చల్లారడానికి ఆగిన ఆ నెలల సంగతి కూడా చెప్తాను.

యాకయ్య