దీపం ఆరేదాకా

పెదనాన్నకు,

మీ స్టూడియోలో ఫొటోలు దాచే కంప్యూటర్ పెట్టె మళ్లీ పనిచేస్తోంది. కంపెనీవాళ్లు దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఎప్పుడో మానేశారు కాబట్టి, ఉచితంగా దొరికే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిపెట్టింది చదువుతూ ఆదివారాలన్నీ దానికే ధారపోశాను.

కొట్టు మూసేటప్పుడు అలవాటుగా మెయిన్ స్విచ్ ఆపేయకండి, లోపలి డిస్కు పాడవుతుంది. ముందు పెట్టె మీది బటన్ నొక్కి, దీపం ఆరేదాకా ఆగండి. పోయినసారి ఈ మాటే చెబితే, "దానికి జోల కూడా పాడాలా ఏంటే?" అని నవ్వారు. పాడండి పెదనాన్నా. మీరు తీసిన పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి. రెండో డిస్కు కొనేదాకా ఇంకెక్కడా లేవు.

"మా పిల్ల చదువుకుంది, అదే చూసుకుంటుంది" అని అందరితో అంటున్నారట. ప్రతిసారీ చూసుకునే ఓపిక నాకు లేదు. అసలు డిస్కే పాడైతే, నా చదువు చేయగలిగింది ఏమీ ఉండదు.

మీ తమ్ముడి కూతురు