నీ ట్రాక్టరు విప్పితే ఏం బయటపడింది

శంషాబాదు నుంచి అన్న మల్లయ్య, తమ్ముడు నర్సింలుకు ఎవరిచేతా రాయించకుండా తన చేత్తోనే రాస్తున్న ఉత్తరం. అక్షరాలు వంకరగా ఉంటాయి. కూడబలుక్కొని చదువు.

నా మోకాళ్లు తప్ప ఇక్కడ అన్నీ బాగున్నాయి. నీ షుగరు ఎంతుందో, మరదలి నడుము నొప్పి తగ్గిందో లేదో రాయి.

పదకొండేళ్లుగా నా కడుపులో ఉన్న మాట ముందు చెప్తాను. ట్రాక్టరు టకటకమంటోందని ఊళ్లో నా మెకానిక్ షెడ్డుకు తెచ్చావు. నేను పెద్ద స్క్రూడ్రైవరు ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని విన్నాను. బేరింగు పోయింది, విప్పాలన్నాను. నువ్వు పదిమంది ముందు, "ఏందన్నా, ఇంజిన్‌కు చెవి పెట్టి సోది చెప్తున్నవా?" అన్నావు. అందరూ నవ్వారు. నువ్వు బండిని కల్వకుర్తికి తోలుకుపోయి అక్కడ విప్పించావు. ఆ రోజు నుంచి నీ గడప తొక్కలేదు. ఫోన్లో నీ గొంతు వింటే ఇప్పటికీ కోపం వస్తుంది, అందుకే రాస్తున్నాను.

షెడ్డు మూసి ఇక్కడికి వచ్చి ఏడాదయింది. తొండుపల్లి దగ్గర కార్ల ఇంజిన్లు పరీక్షించే చోట సామాన్లు డీజిల్‌లో కడిగే పని. ఖాజాభాయి ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాను. శుక్రవారం శుక్రవారం ఆయన భార్య ఖిచ్డీ, అందులోకి చింతపండు ఖట్టా పంపుతుంది. బండి మీద అమ్మే జొన్నరొట్టెలు అట్టల్లా ఉంటాయి. ఈ ఉత్తరం తెచ్చే ఆటో కిష్టయ్య చేతికి మరదలు కాస్త జొన్నపిండి ఇస్తే నేనే చేసుకుంటాను. నువ్వు ఇవ్వనక్కర్లేదు. విమానాలు నెత్తి మీది నుంచే పోతాయి. మొదట్లో తల వంచేవాణ్ని, ఇప్పుడు మాట ఆపి అది పోయాక మళ్లీ అందుకుంటాను. ఆదివారం మాత్రం మాట్లాడే మనిషి ఉండడు. అయినా బాగానే ఉన్నాను, బెంగపడకు.

ఇక అసలు సంగతి. మా దగ్గరికి జపాను నుంచి నకానో అనే ఇంజినీరు వచ్చాడు. నా వయసే. నా భుజం దాకా వస్తాడు. ఆయన మాటలు మాకు తెలుగులో చెప్పడానికి స్రవంతి అనే గుంటూరు పిల్ల ఉంది.

ఒక ఇంజిన్ చప్పుడులో ఏదో తేడా. కంప్యూటరేమో అంతా బాగుందని చూపింది. నకానో గారు సన్నని ఇనుప కడ్డీ తీసి ఒక కొస ఇంజిన్‌కు ఆనించాడు, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను కడుగుతున్న సామాను కింద పెట్టేశాను. ఇంతలో విమానం వచ్చింది. ఆయన కళ్లు మూసుకొని అది పోయేదాకా అలాగే నిలబడ్డాడు. మళ్లీ విని, మూడో బేరింగు అన్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు. విప్పితే మూడో బేరింగు మీద వెంట్రుకంత గీత.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వలేదు. ఇందాక రాసిన మాట పక్కన ఇంకో మాట రాసుకున్నాడు.

"సారుకు ముందే తెలుసు గద బిడ్డా, మల్ల రాసుడేంది?" అని స్రవంతిని అడిగాను.

"తెలియదట తాతగారూ. అనుకున్నారట. విప్పాకే తెలిసిందట."

చాయ తాగేటప్పుడు ఆయన కథ చెప్పించుకున్నాను. తండ్రి చేపల పడవల ఇంజిన్లు బాగుచేసేవాడట. ఈయన పద్దెనిమిదేళ్లకు కార్ల ఫ్యాక్టరీలో చేరి ఏడాది పాటు చీపురు పట్టాడట. తర్వాత ఇంజిన్ల చప్పుడు వినే పనిలో పెట్టారు. ఒకసారి ఈయన మాట మీద పని మొత్తం ఆపి విప్పి చూస్తే ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు. మరునాడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తల వంచి, నాది తప్పు అన్నాడట. అప్పటినుంచి ఎడమవైపు విన్నది, కుడివైపు విప్పాక కనబడింది రాస్తున్నాడు. తన కింద ఎందరో ఇంజినీర్లు పనిచేసే రోజుల్లో కూడా ఆపలేదు. నలభై ఏళ్లకు పైగా ఒక్క చప్పుడు కోసం బతికాడు. రోడ్డు మీద సద్దు లేకుండా పోయే కార్లలో ఎన్ని ఆయన చెవి దాటి వచ్చాయో. ఎవరినీ మెచ్చనివాణ్ని, లేచి దండం పెట్టాను.

"నేను గూడ గట్లనే విన్నోణ్ని అని చెప్పు" అన్నాను. ఆయన లేచి తన కుర్చీ నాకిచ్చాడు.

"మీరు విన్నవాటిలో ఎన్ని తప్పాయని అడుగుతున్నారు తాతగారూ."

"ఒక్కటి గూడ తప్పలే."

"అన్నీ విప్పి చూశారా అంటున్నారు."

విప్పి చూడనిది ఒకటుందన్నాను. నీ ట్రాక్టరు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఎడమవైపు నా పేరు, ట్రాక్టరు, బేరింగు అని రాసుకున్నాడు. కుడివైపు ఖాళీ వదిలి నా ముఖం చూశాడు.

కల్వకుర్తిలో విప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. కోపం వల్ల అడగలేదనుకున్నాను. కాదు, భయపడ్డాను.

చిన్నమ్మకు నా దండం చెప్పి, దీవించమను. పిల్లలకు నా ఆశీస్సులు.

నకానో గారు కొలువు నుంచి రిటైరై ఆదివారం జపానుకు పోతున్నాడు, మళ్లీ రాడు. శనివారం పొద్దున పది గంటలకు చివరిసారి మా పనిచోటుకు వస్తాడు. కిష్టయ్య శుక్రవారమే తిరిగి వస్తాడు, జవాబు అతని చేతికివ్వు. బేరింగైతే బేరింగని రాయి. కాకపోతే ఏం పోయిందో అదే రాయి, పక్కన కూర్చొని ఆయన పుస్తకంలో కుడివైపు నేనే రాయిస్తాను. ముసలోడని జాలిపడి బేరింగని రాశావో, ఈ జన్మలో నీతో మాట్లాడను.

నీ అన్న
మల్లయ్య