వెంకట్రాములు తక్సీం

వనపర్తి, 1943

పెద్దనాయిన నాగప్పకు వెంకట్రాములు వంగి మొక్కి రాసేది.

ఈడ బడిల అన్ని ఉర్దూలనే. లెక్కలల్ల జమ, జర్బు వచ్చినయి గని తక్సీం వస్తలేదు. "తక్సీం జెయ్యకుంటె పై తరగతికి పోనియ్య" అని సారు బెత్తం వట్టిండు. ఎండకాలం లోపల ఎట్లయిన తక్సీం జెయ్యాలె. దీవించు.

నీ కొడుకు,
వెంకట్రాములు

తా.క. నాయినకు చెప్పకు. కొడ్తడు.

అయిజ

చిరంజీవి వెంకట్రాములుకు పెద్దనాయిన దీవెనలు.

నీ జాబు సదివి చేతిల చెంబు ఇడిసిన. తక్సీమా! ఇల్లు, చేను పంచుకునుడా! మా తాత జెయ్యలే, మా నాయిన జెయ్యలే. అన్నదమ్ములం ఒక్క పొయ్యి మీద తింటున్నం, ఏం తక్కువైంది? ఆ మాట మళ్ల నోట రానియ్యకు.

పరేషాన్ల ఉన్న,
నాగప్ప

తా.క. మీ నాయినకు చెప్పిన. అప్పటిసంది నన్నే గుర్రుగ చూస్తుండు.

వనపర్తి

పెద్దనాయినకు దండాలు.

తాత జెయ్యలేదని నేను జెయ్యొద్దా? కాలం మారింది. తక్సీం అయినంక కసర్లు గూడ వడ్త. సగం, మూడోవంతు, నాలుగోవంతు, ఏదీ ఇడువ.

పట్టు మీదున్న,
వెంకట్రాములు

తా.క. సారు తక్సీంల మస్తు హుషారు. దినాం నలభైమందితోని జేపిస్తడు.

అయిజ

వెంకట్రాములుకు,

దినాం నలభై కొంపలా! ఇని మీ పెద్దమ్మ జంగమ్మ కూలబడ్డది. నువ్వొచ్చి మూడోవంతు, నాలుగోవంతు అని గుంజకముందే పట్వారిని పిలిచినం. చేను నడిమిట్ల గట్టు వడ్డది. ఇంట్ల అడ్డం గోడ లేసింది. నీ కడుపు సల్లబడ్డదా?

నాగప్ప (దీవెనలు లేవు)

తా.క. మీ నాయిన గోడ అవుతల ఏడుస్తుండు. నేను ఇవుతల.

వనపర్తి

అయ్యో పెద్దనాయినా!

తక్సీమంటె ఉర్దూల భాగారం! జమ అంటె కూడుడు, జర్బంటె హెచ్చేసుడు, గసొంటిదే. ఎనిమిదిని రెండుతోని భాగిస్తె నాలుగు, గంతే! కసరంటె భిన్నం. భూమి ఊసే లేదు. గోడ కూలగొట్టుండ్రి, నేను బండెక్కి వస్తున్న.

మూట గట్టుకుంటున్న,
వెంకట్రాములు

తా.క. నాలుగేనా? ఎవరినన్న అడిగి చూడు.

అయిజ

వెంకట్రాములుకు మళ్ల దీవెనలు.

రాకు. నీ జాబు సదివి నేను, మీ నాయిన గడ్డపారలు వట్టుకొని గోడ దగ్గరికి పోయినం. మీ అమ్మ లక్ష్మీదేవమ్మ ఆ దిక్కు, మీ పెద్దమ్మ ఈ దిక్కు అడ్డం నిలవడ్డరు. ఒక్క పొయ్యి కాడ ఏండ్లకేండ్లు మాట్లాడుకోని మనుషులు! ఇప్పుడు గోడ మీదికెళ్లి కూరగిన్నెలు మార్సుకుంట నవ్వుతుండ్రు. "గోడ ముట్టుకుంటె ఇద్దరికి బువ్వ లేదు" అన్నరు. గడ్డపారలు మూలకు వెట్టినం.

నువ్వు తక్సీం మంచిగ నేర్సుకో.

నోరు తెరుసుకొని కూసున్న,
నాగప్ప

తా.క. మూడెడ్లు ఇద్దరికి తెగుతలేవు. మీ సారును అడుగు. "తలా ఒకటిన్నర" అని మీ నాయిన అన్నడు. ఎద్దు ఇన్నట్టుంది, అప్పటిసంది మమ్మల్ని దగ్గరికి రానిస్తలేదు.