అవ్వ పడుకునే మూల

శుక్రవారం రాత్రి, గద్వాల

ఇల్లు లేనివాళ్ల కోసం మా ఏడో తరగతి పిల్లలు ఈ సాయంత్రం బస్టాండులో పాడారు. మధ్యాహ్న భోజనం పళ్లాలే డప్పులు. జనం బాగా చప్పట్లు కొట్టారు. పాట అయ్యాక షబానా నా కొంగు పట్టుకుంది.

"టీచర్, ఈ మూలకు పండే అవ్వ ఏడ పోయింది? మనం పాట కట్టింది ఆమె మీదనే గద?"

వాచ్‌మన్‌ని అడిగాను.

"పిల్లలు నిలబడనీకె జర జాగ చెయ్యమని పొద్దుగాల మీరే ఫోన్ చేస్తిరి గద మేడం! పండెటోళ్లనందర్ని ఎల్లగొట్టినం. ఆమె మూట గూడ బయట పడేసినం."

ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. షబానా తన పళ్లెం సంచిలో పెట్టుకుంది.

రేపు వనపర్తి బస్టాండులో ఇదే పాట. అక్కడికీ ఈ పొద్దున్నే ఫోన్ చేసి, జాగా చేయించమన్నాను.