గడ్డం దాకా నీళ్ళు

ఫిబ్రవరి 3

మేఘనకి స్కూల్ నాటకంలో వేషం వచ్చింది. గ్రీకుల పాతాళం కథ అట. చచ్చినవాళ్ళకి అక్కడ పడే శిక్షలు. ఒకడు బండరాయిని కొండెక్కిస్తూనే ఉంటాడు, అది దొర్లిపోతూనే ఉంటుంది. ఒకణ్ణి మండే చక్రానికి కట్టేశారు. కొందరు ఆడపిల్లలు చిల్లుల కుండలతో నీళ్ళు మోస్తుంటారు. మేఘన టాంటలస్ — గడ్డం దాకా నీళ్ళు, గొంతు ఎండిపోయే దాహం. వంగితే నీళ్ళు దిగిపోతాయి. తల మీద పళ్ళ కొమ్మ, చెయ్యి చాస్తే పైకి పోతుంది.

"ఎన్నాళ్ళు అలా?" అన్నాను.

"ఫరెవర్, అమ్మా. దట్స్ ద పాయింట్."

మన యముడే నయం. నూనెలో వేయించినా లెక్క తీరాక వదిలేస్తాడు.

ఫిబ్రవరి 6

మంచు. డ్రైవ్‌వే తవ్వుకుని ఆఫీస్ చేరేసరికి ఆలస్యం. శ్రీకాంత్ ఇక్కడున్నప్పుడూ నేనే తవ్వేదాన్ని. ఇది రాసి పెట్టుకోవాలి. లేకపోతే మర్చిపోయి, మొగుడు లేని లోటు అనుకుంటానేమో.

ఫిబ్రవరి 9

శ్రీకాంత్ ఫోన్. కాలిఫోర్నియాలోని ఆ డబ్లిన్‌కి వెళ్ళి రెండేళ్ళయింది. మొదట ప్రాజెక్ట్ అన్నాడు, తర్వాత ప్రమోషన్ అన్నాడు, ఇప్పుడు ఆవిడ పేరు చెప్తున్నాడు. లావణ్య. ఆ పేరు దగ్గర గొంతు తగ్గిస్తాడు, గుళ్ళో మాట్లాడుతున్నట్టు.

"మ్యూచువల్‌గా చేసుకుందాం... క్లీన్‌గా అయిపోతుంది..."

క్లీన్. నా వీసా అతని వీసాకి తోక. విడాకులు మంజూరైన రోజే అది తెగిపోతుంది, దాంతో పాటు నా ఉద్యోగం. మేఘన ఇక్కడ పుట్టింది, దానికి ఈ దేశం ఉంటుంది. నాకు సూట్‌కేసులు ఉంటాయి.

అందుకే సంతకం పెట్టడం లేదు. ప్రేమ వల్ల అనుకుంటున్నాడేమో.

ఫోన్ పెట్టేసే ముందు — "నాటకానికి వస్తానని పాపకి చెప్పాను."

ఫిబ్రవరి 14

స్వప్న వచ్చింది, గిన్నెడు పచ్చిపులుసుతో. మా వీధి చివరి ఇల్లు, వరంగల్ పిల్ల. ఈ నోవై ఊళ్ళో నాకున్న ఒకే ఒక్క మనిషి.

"వస్తా అన్నడా? రాడక్కా. పోయిన బర్త్‌డేకి గూడ గిట్లనే అన్నడు."

మేఘన మెట్ల మీద ఉంది. విన్నది.

"హి విల్ కమ్, ఆంటీ." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 20

టాంటలస్ చేసిన తప్పేమిటని ఇవాళ అడిగాను. చపాతీ తుంచుతూ చెప్పింది. దేవతల్ని భోజనానికి పిలిచాడట. వాళ్ళకి నిజంగా అన్నీ తెలుస్తాయా అని చూడ్డానికి కన్నకొడుకుని కోసి, వండి, వడ్డించాడట. ఒక దేవత పరధ్యానంలో భుజం ముక్క తినేసింది కూడా.

"మరి కొడుకు?"

"గాడ్స్ మళ్ళీ బతికించారు. భుజం ప్లేస్‌లో ఐవరీ పెట్టారు. హి వాజ్ ఫైన్."

ఫైన్ అట. ఆ పిల్లాడు ఆ తర్వాత ఎవరి చేత్తో పెడితే అన్నం తిన్నాడో... అది మాత్రం ఈ పిల్లల పుస్తకంలో లేదు. తండ్రి దాహం గురించే పేజీలకి పేజీలు.

ఫిబ్రవరి 27

బట్టలు కుట్టడానికి స్కూల్‌కి వెళ్ళాను. స్టేజి మీద నీళ్ళంటే పొడవాటి నీలం గుడ్డ. రెండు పక్కల నుంచి ఇద్దరు పట్టుకుంటారు, మేఘన వంగగానే కిందికి లాగాలి. పట్టుకునే ఇద్దరిలో ఒకమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడుతూ చెయ్యి విరగ్గొట్టుకుంది. నాటకం టీచర్ మిస్ కెల్లీ నా వైపు చూసింది.

"ఇట్స్ సో ఈజీ. షి బెండ్స్, యూ పుల్."

సరేనన్నాను. వద్దనడానికి కారణం తోచలేదు.

మార్చి 5

రిహార్సల్. పెదవులు గుడ్డ దగ్గరికి రాగానే లాగాలి. నేను ఆలస్యం చేస్తున్నాను.

"అమ్మా, ఫాస్ట్‌గా లాగు. యూ హావ్ టు బి మీన్."

లాగాను. బాగా వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. దారంతా కార్‌లో అది పాటలు పాడుతూనే ఉంది. నేను రోడ్డే చూస్తూ నడిపాను.

మార్చి 12

శ్రీకాంత్ టికెట్ బుక్ చేశాడు. మేఘన ఫోన్‌లో స్వప్నకి చూపించింది. స్వప్న నా మొహం చూసి, "మంచిగైంది బిడ్డా" అంది.

మార్చి 20

వచ్చాడు.

మూడో వరస. పక్క సీట్లో ఆవిడ, ఒళ్ళో పూలు. తీసుకొస్తున్నానని ముందు ఒక్క మాట అనలేదు. తెర పక్క నుంచి చూశాను. అందంగా ఏం లేదు అని రాసుకోవాలని ఉంది. అందంగానే ఉంది.

మేఘన సీన్. నడుం దాకా, ఛాతీ దాకా, గడ్డం దాకా నీలం గుడ్డ. దాహం, దాహం అంటూ వంగింది. అటు పక్క అబ్బాయి లాగాడు. నేను లాగలేదు. గుడ్డ అటు పక్కకి వాలి, నా వైపు పైనే ఉండిపోయింది. మేఘన మూతి దానికి తగిలింది.

టాంటలస్ తాగేశాడు. హాలంతా నవ్వింది.

అది నా వైపు చూసింది. అప్పుడు లాగాను.

ఆవిడ వల్ల చెయ్యి ఆడలేదని రాసుకోవచ్చు. కాదు. మేఘననే చూస్తున్నాను. ఆ దీపాల వేడికి పెదవులు నిజంగానే ఎండిపోయి ఉన్నాయి. లాగలేకపోయాను, అంతే.

మార్చి 21

పొద్దున — "ఐ హాడ్ వన్ సీన్, అమ్మా. ఒక్కటే."

క్షమించమన్నాను. కాసేపు పాలలో స్పూన్ తిప్పింది. తర్వాత, తల ఎత్తకుండా —

"సైన్ చెయ్యి, అమ్మా."

మొత్తం ఆలోచించి పెట్టుకుంది. తను డాడీ దగ్గర ఉంటుంది. నేను విజయవాడలో ఉంటాను. సెలవులకి వస్తుంది. తనకి ఇరవై ఒకటి నిండగానే నన్ను గ్రీన్ కార్డుకి స్పాన్సర్ చేస్తుంది. "దెన్ నోబడీ కెన్ సెండ్ యూ బ్యాక్." నేను ఇప్పుడే పెద్ద చదువుకి ఊరు వెళ్తున్న పిల్లనైనట్టూ, అది నా తల్లైనట్టూ మాట్లాడింది.

"డాడీ చెప్పమన్నాడా?"

పాలు వదిలేసి పైకి వెళ్ళిపోయింది.

పిల్లని వండి నా ముందు పెట్టాడు.

మార్చి 22

స్ప్రింగ్ బ్రేక్‌కి మేఘనని వెంట తీసుకెళ్తున్నాడు. ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. ఆవిడ ముందే లోపలికి వెళ్ళిపోయింది, అంత మర్యాద ఉంది. మేఘన బ్యాగు దింపుకుంటుంటే అతన్ని పక్కకి పిలిచాను.

"దాని చేత చెప్పించావా?"

"నో. దాని ఐడియానే. రూల్ ఏంటని అడిగితే చెప్పాను." అద్దాలు తుడుచుకున్నాడు. "నీ మీద దానికున్న ప్రేమ అది. అర్థం చేసుకో."

అబద్ధం ఆడేటప్పుడు అతను అద్దాలు తుడుచుకోడు. అదే భయంగా ఉంది.

మేఘన కారు కిటికీలోకి వంగింది. "నేను రిటర్న్ వచ్చేటప్పుడు నువ్వే వస్తావా?"

ఇంకెవరు వస్తారు.

మార్చి 23

స్వప్న — "సంతకం పెట్టకక్కా. ఆగనీ వాణ్ణి. నీకేం తొందర?"

నాకు తొందర లేదు. సంతకం ఆపి ఉంచినకొద్దీ ఆ మూడో వరసలో కూర్చున్నవాడే కాదు, స్టేజి మీద నిలబడ్డ పిల్ల కూడా ఆగాలి. ఇది స్వప్నకి చెప్పలేదు. తను తెచ్చిన వంకాయ కూర బాగుందన్నాను.

మార్చి 24

రెండు గ్లాసుల బియ్యం పోసి, ఒకటి తీసేశాను.

మార్చి 26

మేఘన ఫోన్. ఎండ అట అక్కడ, స్వెటర్ అక్కర్లేదట. ఆవిడ దోసెలు బాగా వేస్తుందట — చెప్పి ఆగింది, నేనేమైనా అంటానేమోనని.

"అమ్మా, మా పెరట్లో నిమ్మచెట్టు ఉంది, తెలుసా? రియల్ లెమన్స్."

మా పెరట్లో.

మా అంటే నేను లేనిది. మన అంటే నేనూ ఉన్నది. ఆ తేడా దానికి చిన్నప్పటి నుంచీ పట్టుబడలేదు. "మా అమ్మ" అనాల్సిన చోట "మన అమ్మ" అనేది, అందరూ నవ్వేవాళ్ళు. నేను దిద్దీ దిద్దీ వదిలేశాను. ఇప్పుడు ఆ తేడా తెలిసి అందో, తెలియక అందో.

అడుగుదామని నోరు తెరిచి, "కాయలు పెద్దవేనా?" అన్నాను.